పంపు పుట్టినరోజుకు నీళ్లు కావలెను

ఊడెవేన్ పల్లపు గ్రామ ప్రజలకు తెలియజేయడమేమనగా, మన ఊరిని నీళ్లపాలు కాకుండా కాపాడుకొస్తున్న పంపుహౌస్‌కు నూరవ పుట్టినరోజు పండగ ఈ ఆగస్టులో ఘనంగా జరపబడును. ఆ శుభ సందర్భమున నీటి బోర్డు అధ్యక్షులు శ్రీ కట్టదొరగారు స్వహస్తాలతో బటన్ నొక్కి, ఊళ్లోని నీటిని ఎత్తున ఉన్న కాలువలోకి తోసివేయుదురు. తదుపరి ఉల్లిపాయ ముక్కలతో పచ్చి హెర్రింగ్ చేపలు వడ్డించబడును. ఎల్లరూ విచ్చేయ ప్రార్థన. ఇట్లు, తూనిస్ ఫెర్‌వై, ఉత్సవ కమిటీ అధ్యక్షుడు.

ఈ ప్రకటనలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. లోపమల్లా ఒకటే, తోసివేయడానికి ఊళ్లో నీళ్లు లేవు.

వసంతంలో తులిప్ పూలు రాలిన దగ్గర్నుంచి చినుకు పడలేదు. పొలాల మధ్య బోదెల్లో బాతులు నడుస్తున్నాయి. వాటికి నడక అలవాటు లేక మధ్యమధ్యలో ఆగి, ఈదడానికి ఇంకెంత దూరం వెళ్లాలన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాయి. ఆవులు బోదెల్లోకి దిగి అడుగున మొలిచిన గడ్డి మేస్తున్నాయి. ఇంతటి కరువులోనూ మన పంపు మాత్రం అప్పుడప్పుడూ గుర్రుమని, ఎక్కడో మిగిలిన కాస్త తడిని కూడా కాలువలోకి తోసి పంపిస్తూనే ఉంది. ఎందుకని అడగకండి. మన తాతలు నీళ్లు కనబడితే తోశారు, మన నాన్నలు తోశారు, మనమూ తోస్తున్నాం. నీళ్లను ఉంచుకోవడం అనే విద్య మన బళ్లలో చెప్పలేదు. వాతావరణం మారింది కాబట్టి మనమూ మారాలని నీటి బోర్డువారు ప్రతి సభలోనూ అంటారు, మనమూ తలలూపుతాం. తరవాత ఇంటికొచ్చి పంపు వేస్తాం.

తూనిస్ ఫెర్‌వై జున్ను దుకాణదారు. అతని తాతగారు ఈ పంపును మొట్టమొదట నడిపిన మనిషి, ఆయన పేరు పంపుహౌస్ గుమ్మం మీద ఇత్తడి పలకపై ఉంది. ఆ పలకను తూనిస్ ప్రతి శనివారం తోముతాడు. పెళ్లాం విల్లెమైన్ పుట్టినరోజు మర్చిపోయిన సందర్భాలున్నాయి గానీ, పలక తోమడం మర్చిపోయిన శనివారం లేదు. ఈ తేడాను విల్లెమైన్ చాలా హుందాగా, ఏడాదికోసారి మాత్రమే గుర్తుచేస్తుంది.

తూనిస్‌కు ఒక అత్తగారు ఉంది. పేరు హిల్లెగొండ. ఆవిడ ఇల్లు కాలువ కట్ట కిందే, కట్టను ఆనుకునే ఉంటుంది. వంటింటి కిటికీ తీస్తే చేతికి కట్ట తగులుతుంది. కాలువలో పడవ పోతుంటే ఆవిడ అంట్లు తోముతూ తలెత్తి దాని అడుగు చూస్తుంది. ఇందులో విశేషమేమీ లేదు, ఊడెవేన్‌లో సగం మంది బతుకు అంతే. కానీ ఆ వేసవిలో ఆవిడ అల్లుణ్ణి పిలిపించి కట్ట దగ్గరికి తీసుకెళ్లింది. కట్టలో పొడుగాటి పగులు ఒకటి నోరు తెరుచుకుని ఉంది.

"పొద్దున నా పిల్లి ఇందులో దూరింది తూనిస్. పక్కింటి గులాబీల దగ్గర బయటికొచ్చింది," అంది హిల్లెగొండ.

"పిల్లులంటే అంతే కదా అత్తా, దూరుతూ ఉంటాయి."

"పిల్లికేం, అది బాగానే ఉంది. నేను మాట్లాడేది కట్ట గురించి. నాచుమట్టి కట్ట ఇది. తడిగా ఉన్నన్నాళ్లే దీనికి బరువు. ఎండిందా, బెండే! అవతల కాలువ నిండా నీళ్లు భుజం పెట్టి తోస్తున్నాయి. ఏదో ఒక రోజు ఈ కట్ట మా వంటింట్లోకొచ్చి కూర్చుంటుంది."

"నూరేళ్లు నిలబడ్డ కట్ట అత్తా ఇది!"

"నూరేళ్లూ వాన పడింది నాయనా."

ఇది హిల్లెగొండ ఒక్కదానికే తెలిసిన రహస్యమని పొరబడకండి. నీటి బోర్డుకు ఇంకా బాగా తెలుసు. బోర్డులో వాతావరణ మార్పుతో సర్దుబాటు విభాగం అని ఒకటి ప్రత్యేకంగా ఉంది. వారు కట్టను పరీక్షించి, తక్షణం రంగంలోకి దిగి, కట్ట మీద ఒక పెద్ద బోర్డు పాతించారు. 'ఈ కట్ట ఎండిపోతున్నది' అని దాని మీద చక్కటి రంగుల్లో రాయించారు. నిలబడి చదివితే ముసలివాళ్లకు కాళ్లు లాగుతాయని ఎదురుగా ఒక బెంచీ వేయించారు. కట్టను తడపడానికి మోటారూ గొట్టాలూ కూడా తెప్పించారు. అయితే కట్టను తడపడం కొత్త పని కాబట్టి అనుమతి రావాలి. పగుళ్లలో ఈమధ్యనే కాపురం పెట్టిన ఒక జాతి చిమ్మెటల మనోభావాలు తెలిస్తే గానీ అనుమతి రాదు. చిమ్మెటలను అడగడానికి నియమించిన నిపుణురాలు సెలవులో ఉంది. పని ఇంత పద్ధతిగా జరుగుతుంటే హిల్లెగొండకు తొందరెందుకో ఎవరికీ అర్థం కాలేదు.

ఆవిడ ఊరుకోలేదు. అంట్లు కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు, బంగాళాదుంపలు ఉడకబెట్టి వార్చిన నీళ్లు, అన్నీ బకెట్లతో మోసుకెళ్లి కట్ట మీద పోయడం మొదలుపెట్టింది. ఆవిడ పోసిన చోట గడ్డి పచ్చబడింది. దానివల్ల కట్ట అందానికి భంగం కలుగుతోందనీ, ప్రభుత్వ కట్టను అనధికారంగా తడపడం నేరమనీ నీటి బోర్డు నుంచి నోటీసు వచ్చింది. ఆవిడ ఆ నోటీసును కూడా తడిపి పగుల్లో కుక్కింది.

ఇటువైపు ఉత్సవ కమిటీ సమావేశమైంది. తలా ఒక కప్పు కాఫీ, ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బాకు మూత పెట్టేశారు. నీళ్లు లేని ఊళ్లో నీళ్లు తోడే పండగ ఎలా చేయాలన్నది చర్చనీయాంశం. పండగను వాన పడేదాకా వాయిదా వేద్దామని ఒకరన్నారు. హెర్రింగ్ చేపలకు ఆర్డరిచ్చేశాం కాబట్టి అది వీలుకాదని తీర్మానించారు. బటన్ నొక్కినట్టు నటిద్దామని మరొకరన్నారు. కట్టదొరగారు నిజాయితీపరులు, నటించరని దాన్నీ తోసిపుచ్చారు. అప్పుడు తూనిస్ లేచి నిలబడి, జీవితంలో తనకొచ్చిన ఒకే ఒక గొప్ప ఆలోచనను సభ ముందు పెట్టాడు.

"కాలువలో నీళ్లున్నాయి కదా. మోటారు పెట్టి కొంచెం మన బోదెలోకి తోడుకుందాం. కట్టదొరగారొచ్చి బటన్ నొక్కుతారు. మన పంపు వాటిని మళ్లీ కాలువలోకి తోసేస్తుంది!"

సభ ఆనందంతో బల్లలు చరిచింది. రొట్టెల బట్టీ నడిపే యోరిస్ ఒక్కడే, ఎలాగూ తెచ్చుకున్న నీళ్లను ఉంచేసుకుంటే ఆవులు తాగుతాయి కదా అని గొణిగాడు. అలా ఉంచుకుంటే మరి మన తాతలు దేనికోసం పోరాడినట్టని అందరూ అతని వంక బాధగా చూశారు. తన బిస్కెట్ తినడం అయిపోయింది కాబట్టి యోరిస్ కూడా ఒప్పుకున్నాడు. మన ఊళ్లో అందరూ ఒప్పుకున్నాక గానీ ఏ పనీ జరగదు. అందరూ ఒప్పుకున్నాక అది తప్పని చెప్పడానికి ఎవరూ మిగలరు. ఈ ఏర్పాటు మనకు తరతరాలుగా కలిసొస్తోంది.

అనుమతి మర్నాడే వచ్చింది. పండగలు సంస్కృతి కిందికి వస్తాయి, సంస్కృతిలో చిమ్మెటలు లేవు. మోటారు కూడా దొరికింది. కట్టను తడపడానికి తెప్పించి, అనుమతి లేక గోనెపట్టా కప్పుకుని పడుకున్న మోటారే అది. ఖాళీగా ఉండి తుప్పు పట్టే బదులు సమాజానికి ఉపయోగపడుతుందని నీటి బోర్డువారు సంతోషంగా అరువిచ్చారు.

కాలువ నుంచి పంపుహౌస్ ముందున్న బోదెకు దగ్గరి దారి హిల్లెగొండ పెరట్లోంచే ఉంది. కాబట్టి మోటారును ఆవిడ ఇంటి వెనక కట్ట మీదే బిగించారు. అక్కణ్ణుంచి లావుపాటి గొట్టం పగుళ్ల మీదుగా దిగి, టొమాటో మొక్కల పక్క నుంచి వంగి, పంపుహౌస్ వైపు సాగిపోయింది. దాహంతో నోరు తెరిచిన కట్ట మీదుగా నీళ్లు గలగలమంటూ పోతున్నాయి, చుక్క కూడా బయటికి కారకుండా. పనివాళ్ల నైపుణ్యాన్ని మెచ్చుకుని తీరాలి.

తూనిస్ గొట్టం జాయింట్లు సరిచూస్తూ వచ్చేసరికి హిల్లెగొండ ఆ బోర్డు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది.

"తూనిస్, ఒక్క జాయింటు వదులు చెయ్యి నాయనా. ఎవడికి తెలుస్తుంది? నీళ్లు కారితే కారాయి, కట్ట కాస్త తాగుతుంది."

"నీళ్లు చాలవు అత్తా. బోదె నిండాలి. కట్టదొరగారొచ్చేసరికి బోదె అడుగు కనబడితే పరువేం కావాలి?"

"మా ఇల్లు కనబడకపోతేనో?"

తూనిస్ స్పానరును జాయింటుకు తగిలించాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ వంటింట్లోనే విల్లెమైన్‌ను మొదటిసారి చూశాడు. ఆ బల్ల మీదే ఇన్నేళ్లుగా అత్తగారు చేసిన యాపిల్ కేకులు తిన్నాడు. స్పానరును ఎడమకు తిప్పితే చాలు. అతనికి నిజంగానే తిప్పాలనిపించింది, సిగ్గేసింది, భయమూ వేసింది. ఆ తరవాత ఇత్తడి పలక గుర్తొచ్చింది. స్పానరు కుడికి తిరిగింది, జాయింటు ఇంకా బిగిసింది.

"పండగ అయిపోగానే మోటారు ఇక్కడే ఉంచేస్తా అత్తా. నేనే దగ్గరుండి తడిపిస్తా. ఒట్టు."

"ఆ మాట నాకెందుకు చెప్తావ్? కట్టకి చెప్పు, అది ఆగుతుందేమో!" అని ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

పండగ రోజు ఎండ పెళపెళలాడింది. ఊరంతా సైకిళ్ల మీద తరలివచ్చింది. బ్యాండువాళ్లు చెమటలు కక్కుతూ వాయిస్తున్నారు. పుట్టినరోజంటే మన ఆచారం తెలుసు కదా, పుట్టినవాళ్లకే కాదు, వాళ్ల బంధువులందరికీ చేతులు కలిపి అభినందనలు చెప్పాల్సిందే. మీ మావగారి పుట్టినరోజుకు నా అభినందనలు, మీ మేనల్లుడి పుట్టినరోజుకు నా అభినందనలు అంటూ గదంతా చుట్టి రానిదే మనం కుర్చీలో కూర్చోం. పంపుకు బంధువులెవరూ లేరు కాబట్టి ఆ మర్యాద తూనిస్‌కు దక్కింది. "మీ తాతగారి పంపుకు నా అభినందనలు" అంటూ ఊరు ఊరంతా వరసలో నిలబడి అతని చెయ్యి ఊపేసింది. విల్లెమైన్ చెయ్యి కూడా ఊపారు. ఇంతమంది ఒకేసారి తనకు అభినందనలు చెప్పడం పెళ్లి తరవాత ఇదే మొదటిసారని ఆవిడ అంది.

కట్టదొరగారు కాలువ మీద జెండాలు కట్టిన బోర్డు పడవలో వచ్చి, కట్ట మీద దిగి, మెట్లమీదుగా వేదికకు చేరుకున్నారు. కట్టదొర అనేది ఆయన పేరు కాదు, పదవి. పేరు రూలాఫ్ ఫాన్ హేస్‌బేన్. కానీ ఆ పదవి ముందు పేరు చిన్నబోతుంది కాబట్టి ఎవరూ వాడరు. పడవలో హెర్రింగ్ చేపల పీపాలున్నాయి. ఆయన మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! సముద్రం పెరుగుతోంది. వాన ఉంటే కుండపోత, లేకుంటే కరువు. ప్రపంచమంతా గాభరా పడుతున్న ఈ తరుణంలో మనమేం చేస్తున్నాం? మనం సర్దుకుంటున్నాం! నీటితో పోరాటం మానేసి నీటితో స్నేహం చేస్తున్నాం! ఆ స్నేహానికి గుర్తుగా, ఇప్పుడు ఈ నీటిని మన ఊరి నుంచి బయటికి గెంటివేస్తున్నాను!"

చప్పట్లు మిన్నంటాయి. సరిగ్గా ఆ చప్పట్లలోనే హిల్లెగొండ ఇంటి వైపు నుంచి ఏదో పెద్ద బీరువా జరిపినట్టు మొద్దు చప్పుడొకటి వినిపించింది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి వేదిక ముందున్న బోదెలో నీళ్లు పెరగసాగాయి. మోటారు తోడిన అరకొర నీళ్లు కాస్తా నిండు బోదె అయ్యాయి, నిండు బోదె గట్టెక్కింది. జనం ముచ్చటపడ్డారు. కట్టదొరగారు తూనిస్ భుజం తట్టారు.

"ఏర్పాట్లు అమోఘం తూనిస్‌గారూ! ఇంత నీరు నేను రాజధాని ఉత్సవాల్లో కూడా చూడలేదు!"

ఆయన బటన్ నొక్కారు. పంపు గర్జించింది. దాని బతుకులో అంత బాగా ఎన్నడూ పనిచేసి ఉండదు. అది ఊళ్లోని నీటిని కాలువలోకి తోస్తోంది, కాలువ ఆ నీటిని ఊళ్లోకి పంపిస్తోంది, ఊరు దాన్ని మళ్లీ పంపుకు అందిస్తోంది. ఏ ఆటంకమూ లేకుండా ఉత్సవం ఎన్నాళ్లయినా సాగే వీలు ఏర్పడింది. బ్యాండువాళ్లు మోకాలి లోతులో నిలబడి రెండో పాట అందుకున్నారు.

అప్పుడు బోదెలో ఒక కుర్చీ కొట్టుకొచ్చింది. తూనిస్ దాన్ని గుర్తుపట్టాడు. అది అత్తగారి వంటింట్లో బల్ల పక్కన తను ఎప్పుడూ కూర్చునే కుర్చీ. స్పానరు కుడికి తిరిగిన క్షణం కళ్ల ముందు మెదిలింది. "అత్తా!" అని అరుస్తూ నీళ్లలోకి దూకబోయాడు. ఆ అరుపును కూడా కార్యక్రమంలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

వంతెన మలుపు తిరిగి చిన్న చెక్కపడవ వచ్చింది. పడవలో హిల్లెగొండ, ఆవిడ ఒళ్లో పిల్లి. ఆవిడ తలపాగాలా చుట్టుకున్న తువ్వాలు తప్ప ఒంటి మీద పొడిగా ఉన్నదేమీ లేదు. జనం మర్యాద తెలిసినవాళ్లు. పడవ ఏ పక్కకొస్తే ఆ పక్కవాళ్లు వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"మీ అల్లుడి తాతగారి పంపుకు నా అభినందనలు హిల్లెగొండగారూ!"

"అలాగే, మీక్కూడా. కాస్త జరగండి."

"నూరేళ్లంటే మాటలా! అభినందనలు!"

"సంతోషం. కాలువ మా వంటింట్లోంచి పోతోంది, దారివ్వండి బాబూ!"

తూనిస్ నడుం లోతు నీళ్లలో ఎదురెళ్లి పడవ అంచు పట్టుకున్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"నీకేం కాలేదు కదా అత్తా? తప్పు నాదే. నేను ఆ జాయింటు..."

"ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, ముందు కట్టకు పడ్డ గండి సంగతి చూడు. గుమ్మం వెడల్పున్న గండి గడియలో ఇల్లంత అవుతుంది. తరవాత ఊరే ఉండదు. ఆ జెండాల పడవ ఇల్లంత పొడవుంది, దాన్ని తీసుకెళ్లి అడ్డంగా ముంచెయ్!"

"అది కట్టదొరగారి పడవ అత్తా!"

"అయితే పేరు కూడా సరిపోయింది, కట్టకే వేద్దాం!"

తూనిస్ కట్టదొరగారి వంక చూశాడు. ఆయన పడవ ముంచడానికి ఎవరి అనుమతి కావాలో ఆలోచిస్తున్నారు. తూనిస్ పంపుహౌస్ గుమ్మం మీది ఇత్తడి పలక వంక కూడా ఒకసారి చూశాడు. ఆ తరవాత ఎవరి వంకా చూడకుండా కట్టెక్కి, బోర్డు పడవ తాడు విప్పి, ఇంజను వేసి, గండి దగ్గరికి పోనిచ్చాడు. ప్రవాహమే పడవను అడ్డంగా లాక్కుని గండి నోటికి కొట్టింది. అతను అడుగున నీటి బిరడా పీకి, పీపాల మీదుగా కట్ట మీదికి గెంతాడు. పడవ కూర్చుంది. యోరిస్, ఇంకొందరూ ఇసుక బస్తాలతో పరిగెత్తుకొచ్చారు. జెండాలు మాత్రం పైకి తేలి, నీళ్ల మీద చాలా అందంగా రెపరెపలాడాయి. ఎవరికీ ప్రాణాపాయం లేదు. ఊరంతటికీ పాదాలు తడిశాయి. హిల్లెగొండకు మాత్రం వంటిల్లు పోయింది. బల్ల ఉన్న చోట కట్టలోంచి జారిన నాచుమట్టి ముద్ద కూర్చుని ఉంది.

ఆవిడ పిల్లితో సహా తూనిస్ ఇంటి ముందుగదిలోకి మారింది. కేకు మాత్రం మానలేదు, కానీ అల్లుడికి ముక్క పెట్టేటప్పుడు ఇదివరకటి కంటే చిన్నది కోస్తోంది. అతను నోరెత్తకుండా తింటున్నాడు.

నీటి బోర్డు విచారణ జరిపింది. పంపు పనితీరు ప్రశంసనీయమని తేల్చింది. పడవను అనుమతి లేకుండా ముంచినందుకు తూనిస్‌ను మందలించి, ఊరిని కాపాడినందుకు అదే ఉత్తరంలో అభినందించింది. కట్ట జారడానికి కారణం అది ఎండిపోవడమేనని, ఈ విషయం కట్ట మీద బోర్డులో ముందే తెలియజేశామని గుర్తుచేసింది. ఇకపై కట్టలన్నిటినీ శ్రద్ధగా తడపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. నిపుణురాలు సెలవు ముగించుకుని వచ్చింది, చిమ్మెటలకు అభ్యంతరం లేదని తేలింది. అన్ని కార్యాలయాల ముద్రలూ పడి అనుమతి చేతికందేసరికి నవంబరు వచ్చింది.

కట్ట తడుపు పథకం ప్రారంభోత్సవానికి ఊరంతా కదిలింది. అనుభవజ్ఞుడు కాబట్టి తూనిసే మళ్లీ కమిటీ అధ్యక్షుడు. సముద్రం మీంచి గాలివాన విరుచుకుపడుతోంది. వారం నుంచి తెరిపి లేదు. బోదెలు పొంగాయి, కట్ట పీల్చుకోగలిగినంతా పీల్చుకుని ఇక చాలన్నట్టు పక్కల నుంచి నీరు కారుస్తోంది. పంపు రేయింబవళ్లు తోడుతోంది. ఆ జోరువానలో కట్టదొరగారు గొట్టం చేతపట్టి, ఏటవాలుగా పడుతున్న వానకు ఎదురుగా, కట్ట మీద నీళ్లు చల్లారు. ఒకటి రెండు సార్లు గాలికి ఆ నీళ్లు ఆయన మొహం మీదే పడ్డాయి, అయినా ఆయన చిరునవ్వు చెదరలేదు. మేమంతా తడిసి ముద్దవుతూ చప్పట్లు కొట్టాం.

చప్పట్లు ఆగాక వెనక నుంచి హిల్లెగొండ గొంతు వినిపించింది.

"ఇప్పుడిది తడిసే ఉంది కదయ్యా. జూన్‌లో ఎవరు తడుపుతారు?"

చాలా మంచి ప్రశ్న అన్నారు కట్టదొరగారు. అలా అంటూనే గొట్టాన్ని తూనిస్ చేతికిచ్చారు. తూనిస్ ఆవిడ వంక చూసి ఏదో చెప్పబోయాడు, గాలికి వినబడలేదు. పక్క డేరాలో ఈ చలికాలం మొదటి బఠాణీ సూపు పొగలు కక్కుతోంది. మేమంతా ఆవిడ వంక చూశాం, విసుగ్గానే చూశాం. వానలో జనాన్ని నిలబెట్టి ఎండాకాలం గురించి అడిగే మనిషిని చూస్తే విసుగు రాదా? మమ్మల్ని ఆడిపోసుకోకండి. అక్కడ మీరున్నా డేరాలోకే పరిగెత్తేవారు.